బోల్టు ఎంత బిగించాలి?

బిగించిన బోల్టు సాగుతుంది. పానాతో తిప్పేకొద్దీ మర ఒక వైపుకు, తల మరో వైపుకు లాగడంతో బోల్టు కాడ కంటికి ఆననంత పొడవు పెరుగుతుంది. ఉక్కు మళ్లీ తన పాత పొడవుకు రావాలని చూస్తుంది కాబట్టి మధ్యలో చిక్కిన భాగాలను అదిమి పడుతుంది. సిలిండర్ హెడ్డు బ్లాకును అంటిపెట్టుకొని ఉన్నా, కనెక్టింగ్ రాడ్డు క్రాంకును వదలకున్నా, ఆయిల్ సంపు నుంచి చుక్క కారకున్నా ఈ లాగుడు వల్లనే. ఇంజిన్ నడవకముందే బోల్టులో నింపి పెట్టే ఈ బలాన్ని ఇంజినీర్లు ప్రీలోడ్ అంటారు. మామూలు మాటలో అది బిగువు. మాన్యువల్‌లో అచ్చయిన టార్క్ అంకె, దాన్ని కొలిచే టార్క్ రెంచి, బోల్టులను ఏ వరసలో బిగించాలో చూపే బొమ్మ, ఇవన్నీ ఆ బిగువును సరిగ్గా రాబట్టడానికి పుట్టినవే.

కార్లలో, లారీల్లో అడుగడుగునా కనిపించే 10 మిల్లీమీటర్ల బోల్టును తీసుకుంటే లెక్క స్పష్టంగా తెలుస్తుంది. తల మీద 8.8 అని ముద్ర ఉన్న బోల్టు, మర పిచ్ 1.5 మిల్లీమీటర్లు. దీన్ని శాశ్వతంగా సాగిపోకుండా నిశ్చింతగా లాగగలిగే హద్దు దాదాపు 33,700 న్యూటన్లు. మళ్లీ మళ్లీ విప్పి బిగించే చోట అందులో నాలుగింట మూడు వంతులు, అంటే సుమారు 25,000 న్యూటన్ల బిగువు ఉంచడం ఆనవాయితీ. అది రెండున్నర టన్నుల బరువును ఆ ఒక్క బోల్టుకు వేలాడదీయడంతో సమానం. అంత లాగినా 100 మిల్లీమీటర్ల పొడవున్న కాడ సాగేది 0.2 మిల్లీమీటర్లు మాత్రమే, రెండు కాగితాల మందమంత. ఆ కాస్త సాగుడు లేకపోతే బోల్టు రంధ్రంలో ఉన్నా పని చేయనట్టే. అది మితిమీరితే బోల్టు తిరిగి కుదించుకోలేదు.

అంత బిగువు ఎందుకో సిలిండర్‌లోకి చూస్తే తెలుస్తుంది. 72 మిల్లీమీటర్ల బోరు ఉన్న పెట్రోల్ ఇంజిన్‌లో మంట అంటుకున్నప్పుడు పీడనం 60 బార్ల దాకా వెళ్లిందనుకుంటే, హెడ్డును పైకి తోసే బలం 24,000 న్యూటన్లు దాటుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌లో ఆ తోపు సెకనుకు 25 సార్లు వస్తుంది. సిలిండర్ చుట్టూ ఉన్న నాలుగు బోల్టులూ 25,000 చొప్పున అదిమి పట్టి ఉంటే లక్ష న్యూటన్ల బిగువు ముందే ఉన్నట్టు. తోపు ఆ బిగువులో కొంత తగ్గించగలదే గానీ హెడ్డును ఎత్తలేదు. గ్యాస్కెట్ ఒత్తుడు వదలదు, నీళ్లు ఆయిల్‌లో కలవవు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సరిగ్గా బిగించిన బోల్టుకు ఇంజిన్ తోపుల్లో కొద్ది పాలు మాత్రమే సోకుతుంది. మిగతాది అదిమిపెట్టిన భాగాల ఒత్తుడు తగ్గడంలోనే సర్దుకుపోతుంది. కాడలోని లాగుడు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. వదులుగా ఉన్న బోల్టు సంగతి వేరు. ప్రతి తోపునూ అది పూర్తిగా మోయాలి, మోసి వదలాలి, మళ్లీ మోయాలి. లక్షల సార్లు అలా జరిగాక మర మొదట్లో సన్నని పగులు పుట్టి, లోహం అలసి, ఒకనాడు తెగుతుంది. తెగిన బోల్టును చేతిలో పట్టుకొని ఎక్కువ బిగించడం వల్లే తెగిందని తీర్పు చెప్పడం షెడ్డుల్లో పరిపాటి. చాలా సందర్భాల్లో అది తక్కువ బిగించడం వల్ల తెగినదే. తెగిన ముఖం మీద సముద్రపు ఒడ్డు ఇసుకలో అలలు గీసినట్టు వంపు గీతలు కనిపిస్తే అది అలసట గుర్తు.

కనెక్టింగ్ రాడ్డు బోల్టుల పరిస్థితి ఇంకా కఠినం. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్డు పై కొన కలిపి అరకిలో అనుకుందాం. స్ట్రోకు 80 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 6,000 చుట్లు. పొగ బయటకు తోసే స్ట్రోకు చివర పిస్టన్ పైకొచ్చి ఆగి వెనక్కు మళ్లే క్షణంలో దాన్ని పట్టి లాగడానికి దాదాపు 10,000 న్యూటన్లు కావాలి. అంటే అరకిలో వస్తువు టన్ను బరువుగా మారి ఆ రెండు చిన్న బోల్టుల మీద పడుతుంది. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. ఇంజిన్‌లో ఏ బోల్టు తెగినా నష్టమే. రాడ్డు బోల్టు తెగితే రాడ్డు బ్లాకును చీల్చుకొని బయటకు వస్తుంది. రేసు ఇంజిన్లు కట్టేవాళ్లు ఈ బోల్టులకు టార్క్‌ను నమ్ముకోకుండా, బిగించే ముందు, బిగించాక పొడవును మైక్రోమీటర్‌తో కొలిచి ఎంత సాగిందో చూసుకునేది ఇందుకే.

మామూలు షెడ్డులో పొడవు కొలవడం కుదరదు. బ్లాకులో దిగిన బోల్టుకు రెండో కొన కనిపించదు. అందువల్ల కొలవగలిగిన మరోదాన్ని పట్టుకున్నారు. అదే టార్క్, అంటే తిప్పడానికి పెట్టే బలాన్ని పానా పొడవుతో గుణిస్తే వచ్చేది. పావు మీటరు పొడవున్న పానా చివర 20 కిలోల బలం పెడితే సుమారు 50 న్యూటన్-మీటర్లు. పానా పొడవు సగమైతే రెట్టింపు బలం పెట్టాలి. చిన్న నట్లకు పొట్టి పానాలు, పెద్ద నట్లకు పొడుగు పానాలు తయారు చేయడంలోని తెలివి ఇదే. మామూలు మనిషి మామూలుగా లాగితే బోల్టుకు తగ్గ టార్క్ దరిదాపులకు వచ్చేలా పొడవు కుదిర్చారు. పానాకు పైపు తొడిగి లాగిన మరుక్షణం ఆ కుదురు పోతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్-మీటర్లు చాలు. 15 సెంటీమీటర్ల పానా చివర అది ఏడు కిలోల లాగుడు. 15 న్యూటన్-మీటర్లు దాటితే ఆ బోల్టు ఉక్కు లొంగిపోతుంది. పెద్ద బోల్టులకు అలవాటు పడ్డ చెయ్యి ఏడు కిలోలకూ పదకొండు కిలోలకూ తేడా పట్టడం కష్టం. ట్యాపెట్ కవరు బోల్టులు, క్లచ్ కవరు బోల్టులు అన్నిటికన్నా ఎక్కువగా తెగుతున్నాయంటే కారణం ఇది.

టార్క్‌కూ బిగువుకూ మధ్య ఘర్షణ ఉంది. ఈ విషయంలో అసలు కిటుకంతా ఇక్కడే. పానా చివర పెట్టిన శ్రమలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. మరో నలభై శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పది శాతం. రాపిడి వాటా కాస్త పెరిగినా తరిగినా ఆ పది శాతం తలకిందులవుతుంది. ఇంజినీర్లు దీన్ని ఒక చిన్న సూత్రంలో ఇమిడ్చారు. టార్క్ అంటే మూడు అంకెల లబ్ధం: బోల్టు వ్యాసం, కావలసిన బిగువు, రాపిడి స్థితిని చెప్పే గుణకం. శుభ్రంగా, పొడిగా ఉన్న మామూలు ఉక్కు బోల్టుకు ఆ గుణకం 0.2 అని తీసుకుంటారు. పైన చెప్పిన 10 మిల్లీమీటర్ల బోల్టుకు 0.2ను 0.010 మీటర్లతో, 25,000 న్యూటన్లతో గుణిస్తే సరిగ్గా 50 న్యూటన్-మీటర్లు వస్తుంది.

ఇప్పుడు అదే బోల్టును లాస్‌పేటలో ఊహించుకోవాలి. పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు కొసన ఉన్న ఈ పేట నుంచి బంగాళాఖాతం కొద్ది కిలోమీటర్ల దూరమే. తూర్పు గాలితో పాటు ఉప్పు తేమ ఏడాది పొడవునా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన తోడవుతుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద తిరిగే బళ్ల కింది భాగాల్లో ఉప్పు పేరుకొని జింకు పూత కరుగుతుంది, మరల్లో తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన మరకు గుణకం 0.3కు చేరిందనుకుంటే, రెంచి నిజాయితీగా 50 న్యూటన్-మీటర్లు చూపించినా బోల్టులో చేరే బిగువు 16,700 న్యూటన్లే. మూడో వంతు ఎగిరిపోయింది. రెంచి అబద్ధం చెప్పలేదు. పెట్టిన శ్రమను తుప్పు తినేసింది.

దీనికి విరుగుడుగా మరకు గ్రీజు దట్టించి బిగించే అలవాటు ఉంది. అది ఇంకో వైపు ప్రమాదం. మాలిబ్డినం కలిసిన జారుడు పేస్టు రాస్తే గుణకం 0.12 దాకా దిగవచ్చు. అప్పుడు అదే 50 న్యూటన్-మీటర్లు 41,700 న్యూటన్ల బిగువు తెస్తుంది. ఆ బోల్టు ఉక్కు లొంగిపోయే హద్దు 37,000 న్యూటన్లు. అంకె చేరిందని రెంచి టిక్కుమనేలోపే బోల్టు పాడైంది. ఒకే బోల్టు, ఒకే రెంచి, ఒకే అంకె. అయినా ఒక చోట 16,700, మరో చోట 41,700. సరైన టార్క్ అనేది ఒంటరి అంకె కాదని, మర స్థితితో ముడిపడిన అంకె అని ఈ లెక్క తేల్చి చెబుతుంది. మాన్యువల్‌లో అంకె పక్కన ఇంజిన్ ఆయిల్ రాయాలని ఉంటే రాయాలి. ఏమీ లేకపోతే పొడిగా, శుభ్రంగా బిగించాలి. ఇంజినీరింగ్ చేతిపుస్తకాలు ఇచ్చే అంచనా కూడా ఈ సంగతినే బలపరుస్తుంది. చేతి అంచనాతో బిగిస్తే బిగువులో 35 శాతం అటూ ఇటూ తేడా వస్తుంది. టార్క్ రెంచితో 25 శాతం. రెంచి కొన్నా తేడా పెద్దగా తగ్గలేదేమని నిరాశపడనక్కర్లేదు. మర శుభ్రం చేసే పది నిమిషాలు మిగతా తేడాను కొంత తగ్గిస్తాయి.

శుభ్రం చేయడమంటే పాత బోల్టుకు వైరు బ్రష్షు పట్టడం, రంధ్రంలోని మరను బాగుచేసే ట్యాపుతో ఒకసారి తిప్పడం. కొత్త మర కోసే ట్యాపు దూర్చితే ఉన్న లోహం కూడా పోయి మర పలచబడుతుంది. అడుగు మూసుకుపోయిన రంధ్రాల్లో నీరో ఆయిలో నిలిచి ఉందేమో చూసి గాలితో ఊది తీయాలి. ద్రవం నొక్కుకుపోదు. బోల్టు దిగేకొద్దీ కింద చిక్కిన ఆయిల్ మీద ఒత్తిడి పెరిగి బ్లాకు పగిలిన సందర్భాలు మెకానిక్కులకు తెలియనివి కావు. పగలకపోయినా, బోల్టు తల ఇంకా ఆననప్పుడే రెంచి టిక్కుమంటుంది.

బోల్టు తల మీద ముద్రకు కూడా అర్థం ఉంది. 8.8లో మొదటి అంకెను వందతో గుణిస్తే ఆ ఉక్కు తెగే బలం, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు. చుక్క తర్వాతి అంకె లొంగే హద్దు అందులో పదింట ఎనిమిది వంతులని చెబుతుంది. 10.9, 12.9 ముద్రలు ఇంకా గట్టి ఉక్కువి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1367 ఈ తరగతులనే పాటిస్తుంది. చెన్నై పాడిలో 1960ల్లో మొదలైన సుందరం ఫాస్టెనర్స్ వంటి సంస్థలు దేశంలోని వాహన కంపెనీలకు ఈ రకం బోల్టులు అందిస్తున్నాయి. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ముద్ర లేని బోల్టు చూడటానికి అదే కొలత, అదే మర. అయితే దాని ఉక్కు 4.6 తరగతిది కావచ్చు, 8.8కు రాసిన టార్క్ పెడితే సగంలోనే లొంగుతుంది.

సిలిండర్ హెడ్డు బిగింపులో వరస కూడా అంతే ముఖ్యం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు మామూలుగా పది హెడ్డు బోల్టులుంటాయి. నడుమ ఉన్న రెంటితో మొదలుపెట్టి అటు ఇటు మారుతూ చివరల వైపు వెళ్లాలి. మూలల నుంచి మొదలుపెడితే గ్యాస్కెట్ నడుమ ఉబ్బు చిక్కుకుపోతుంది, హెడ్డు వంపు తిరుగుతుంది. ఒకేసారి పూర్తి టార్క్ పెట్టకూడదు; మూడు విడతల్లో పెంచుకుంటూ రావాలి. మొదటి బోల్టును బిగించాక రెండోది బిగిస్తే గ్యాస్కెట్ ఇంకాస్త అణిగి మొదటిది వదులవుతుంది కనుక ప్రతి విడతలోనూ అన్నిటినీ చుట్టి రావాలి. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది: చివరల నుంచి నడుమకు, అదీ కొద్దికొద్దిగా.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే హెడ్డు బిగించాలనే నియమం లోహాల గుణం నుంచి వచ్చింది. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల మందమున్న అల్యూమినియం హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కితే 0.18 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే పొడవు ఉక్కు బోల్టు 0.09 మాత్రమే పెరుగుతుంది. తక్కిన 0.09 మిల్లీమీటర్లలో పెద్ద పాలు బోల్టు సాగవలసిందే. చల్లగా ఉన్నప్పుడు 0.2 మిల్లీమీటర్లు సాగిన బోల్టుకు ఇది చిన్న అదనం కాదు. మాన్యువల్ రాసినవాళ్లు ఈ అదనాన్ని లెక్కలో పెట్టుకొనే చల్లని ఇంజిన్‌కు అంకె ఇస్తారు. వేడిగా ఉన్నప్పుడే ఆ అంకెకు బిగిస్తే, చల్లారాక బిగువు తగ్గిపోతుంది.

కొన్ని దశాబ్దాలుగా కార్ల ఇంజిన్లలో కోణంతో బిగించే పద్ధతి స్థిరపడింది. ముందు తక్కువ టార్క్ పెట్టి, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెబుతుంది. ఘర్షణ ఎంత ఉన్నా ఇక్కడ పెద్దగా బాధ లేదు. పిచ్ 1.5 మిల్లీమీటర్లు ఉన్న బోల్టు పావు చుట్టు తిరిగితే 0.375 మిల్లీమీటర్లు ముందుకు నడిచి తీరుతుంది. తుప్పు ఉన్నా, నూనె ఉన్నా ఆ నడక మారదు. అందులో కొంత భాగాలు నలగడానికి పోగా మిగతాది సాగుడు. చేతిపుస్తకాల ప్రకారం ఈ పద్ధతిలో తేడా 15 శాతానికి దిగుతుంది.

ఈ రకం బోల్టుల్లో చాలావాటిని ఉక్కు లొంగే హద్దు దాటేలా కావాలనే బిగిస్తారు. లాస్‌పేటలోని మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనో మరే పాలిటెక్నిక్‌లోనో మెకానికల్ డిప్లొమా చదివేవాళ్లు ప్రయోగశాలలో ఉక్కు కడ్డీని యంత్రంతో లాగి గీసే గ్రాఫ్ దీనికి వివరణ ఇస్తుంది. మొదట గీత నిటారుగా లేస్తుంది; ఆ భాగంలో కొద్ది సాగుడు తేడా వచ్చినా బలంలో పెద్ద తేడా. లొంగే హద్దు దాటాక గీత దాదాపు అడ్డంగా పడుకుంటుంది; ఇక్కడ కోణం పది డిగ్రీలు అటూ ఇటూ అయినా బిగువు ఇంచుమించు అదే. పది బోల్టులూ సమానంగా అదమాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. దానికి చెల్లించే మూల్యం, ఆ బోల్టులు శాశ్వతంగా సాగడం. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలని మాన్యువల్ చెబితే అది విడిభాగాల అమ్మకం కోసం రాసిన మాట కాదు. రెండోసారి సాగిన బోల్టు మెడ సన్నబడి తెగవచ్చు. కొన్ని కంపెనీలు పొడవు కొలిచి ఫలానా హద్దు దాటకపోతే మళ్లీ వాడవచ్చని చెబుతాయి. అప్పుడు కొలిచే వాడాలి.

అల్యూమినియంలో కోసిన మర మరో తలనొప్పి. ద్విచక్రవాహనాల్లో ఆయిల్ మార్చే ప్రతిసారీ విప్పే డ్రైన్ బోల్టు ఉక్కుది, అది దిగే రంధ్రం అల్యూమినియంది. ఎక్కువ బిగిస్తే తెగేది బోల్టు కాదు, మర. ఆయిల్ చుక్కలు కారుతున్నాయని ఇంకో చుట్టు, అదీ చాలక ఇంకో చుట్టు తిప్పడంతో మర తీగలుగా ఊడి వస్తుంది. నిజానికి కారుడు ఆపేది బిగువు కంటే ఎక్కువగా కింద ఉన్న మెత్తని వాషరు. పది రూపాయల వాషరు మార్చితే పోయేదానికి క్రాంకు కేసు పాడుచేసుకోవడం బాధాకరం. మర పోయినా దారి లేకపోలేదు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, స్టెయిన్‌లెస్ ఉక్కు తీగ చుట్టను దించితే పాత కొలత బోల్టే మళ్లీ దిగుతుంది. హెలికాయిల్ అని పిలిచే ఈ చుట్ట పెట్టిన మర మొదటి మర కన్నా గట్టిగా ఉంటుంది.

స్పార్క్ ప్లగ్గుకూ ఇదే జాగ్రత్త. అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్-మీటర్లు, చిన్న బళ్లలో వాడే 10 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 10 నుంచి 12. రెంచి లేనప్పుడు కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును చేత్తోనే చివరిదాకా తిప్పి, వాషరు ఆనాక పానాతో అర చుట్టు తిప్పితే సరిపోతుంది. ప్లగ్గు వదులుగా ఉంటే వేడి హెడ్డుకు దిగక కొన మండిపోతుంది. మరీ బిగిస్తే లోపలి పింగాణీ వదులవుతుంది.

టార్క్ రెంచి వయసు వందేళ్లకు దగ్గర. న్యూయార్క్ నగర నీటి విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్, పైపుల ఫ్లాంజి బోల్టులు సమానంగా బిగియక గ్యాస్కెట్లు కారుతుంటే విసిగి తయారు చేసిన పనిముట్టుగా దాని చరిత్ర మొదలవుతుంది; పేటెంట్లు 1930ల్లో వచ్చాయి. అందులో అన్నిటికన్నా సాదాది కడ్డీ రకం. లాగినప్పుడు కడ్డీ వంగుతుంది, పక్కనే ఉన్న ముల్లు వంగదు. రెంటి మధ్య తేడాను బిళ్ల మీద చదువుతారు. అరిగిపోయేదేమీ లేదు, ధర తక్కువ, ఏళ్ల తరబడి సరిగ్గా చూపుతుంది. ఎక్కువమంది వాడే టిక్కు రకంలో పిడి లోపల స్ప్రింగు ఉంటుంది. అంకె పెట్టి లాగితే ఆ టార్క్ దగ్గర లోపలి గుబ్బ జారి టిక్కుమంటుంది. టిక్కు వినగానే ఆగాలి. ఇంకోసారి వినాలని మళ్లీ లాగితే పెట్టిన అంకె దాటిపోతుంది.

ఈ రెంచిని బోల్టులు విప్పడానికి వాడకూడదు. పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠ అంకెకు తెచ్చి పెట్టెలో పెట్టాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం 10 న్యూటన్-మీటర్లు దాటిన రెంచిలో 4 శాతం దాకా తేడాను అనుమతిస్తారు. ఏడాదికోసారి లేదా 5,000 సార్లు వాడాక సరిచూడాలి. పెద్ద రెంచితో చిన్న బోల్టులు బిగించడం కూడా పొరపాటే. 200 న్యూటన్-మీటర్ల రెంచి 10 దగ్గర చెప్పేది నమ్మదగింది కాదు. చోటు చాలక రెంచి ముందు కొసకు అడ్డపు పానా తగిలిస్తే పొడవు పెరిగి లెక్క మారుతుంది. 40 సెంటీమీటర్ల రెంచికి ముందు 10 సెంటీమీటర్ల ముక్క నేరుగా తగిలిస్తే, బోల్టుకు 50 న్యూటన్-మీటర్లు కావాలంటే రెంచి మీద 40 పెట్టాలి. సాకెట్‌కు పైన నిలువుగా పెట్టే ఎక్స్‌టెన్షన్ కడ్డీ వల్ల మాత్రం అంకె మారదు.

ప్రమాణాల గందరగోళం వల్ల ఎన్నో ఇంజిన్లు పాడయ్యాయి. పాత మాన్యువల్స్‌లో కిలో-మీటర్లు, అమెరికా పుస్తకాల్లో పౌండు-అడుగులు, ఇప్పటివాటిలో న్యూటన్-మీటర్లు. ఒక కిలో-మీటరు 9.8 న్యూటన్-మీటర్లు, ఒక పౌండు-అడుగు 1.36. పౌండు-అంగుళాన్ని పౌండు-అడుగుగా చదివితే బోల్టుకు పన్నెండు రెట్లు పడుతుంది. అంకె చూసే ముందు దాని పక్కనున్న ప్రమాణం చూడాలి.

ఇంత జాగ్రత్తగా బిగించినదీ వదులు కావచ్చు. గ్యాస్కెట్ అణగడం, రంగు పొర నలగడం వల్ల మొదటి గంటల్లోనే కొంత బిగువు పోతుంది. చక్రాల నట్లను కొద్ది దూరం నడిపాక మళ్లీ చూడమనేది అందుకే. ఆ తర్వాత అసలు శత్రువు అడ్డంగా వచ్చే అదురు. జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని తేల్చాడు. బోల్టుకు అడ్డంగా భాగాలు కదిలితే మరల్లో రాపిడి క్షణకాలం వీగిపోయి, నట్టు తనంత తానే వెనక్కు తిరుగుతుంది. నిలువు అదురుకు అంత బలం లేదు. ఆయన పేరుతోనే ఉన్న పరీక్షలో మామూలు స్ప్రింగు వాషరు వదులు కావడాన్ని ఆపలేకపోయిందని ఆ తర్వాత పదేపదే రుజువైంది. భాగాలు జారకుండా పట్టగలిగినంత బిగువు మొదటే ఉంచడమే తగిన మందు. మర జిగురు వాడే చోట మాన్యువల్ ఆ జిగురుతో కలిపే టార్క్ చెబుతుంది. తడిగా ఉన్నప్పుడు జిగురు కూడా జారుడే.

బిగించిన బోల్టు మీద నుంచి పక్క లోహం దాకా రంగు పెన్నుతో గీత గీయడం ఫ్యాక్టరీల్లో నియమం. గీత విరిగితే బోల్టు కదిలినట్టు. లాస్‌పేటలోనే దీన్ని ఇంకా కట్టుదిట్టంగా పాటించే రంగం ఒకటుంది: విమానాలు. పుదుచ్చేరి విమానాశ్రయం ఉన్నది ఈ పేటలోనే; 2017 ఆగస్టులో ఉడాన్ పథకం కింద హైదరాబాద్ నుంచి ప్రొపెల్లర్ విమానం ఇక్కడికి రావడం మొదలైంది. విమాన ఇంజిన్‌లో టార్క్ పెట్టిన బోల్టుకు రంగు లక్క చుక్క పెడతారు, తలలోని రంధ్రం గుండా తీగ దూర్చి, వదులయ్యే దిశకు ఎదురుగా లాగి మెలివేస్తారు. వాడిన రెంచి సంఖ్య, దాన్ని సరిచూసిన తేదీ కాగితం మీద ఉండాలి.

అంత పద్ధతి ఉన్నా టిక్కును గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో 1990 జూన్ 10న తెలిసింది. బర్మింగ్‌హామ్ నుంచి మాలగా వెళుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటకు లాగేసుకుపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని ఉండగా సహ పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు. అంతకు ముందు రోజు తెల్లవారుజామున, రాత్రి షిఫ్టులో ఆ అద్దం మార్చారు. 90 బోల్టుల్లో 84 కావలసినదాని కన్నా కొద్దిగా సన్నవి, తక్కిన ఆరు పొట్టివి. బిగించడానికి టార్క్ పరిమితి ఉన్న పనిముట్టే వాడారు. సన్న బోల్టు మర జారినప్పుడు చేతికి తగిలిన కుదుపు, పనిముట్టు టిక్కుమన్నప్పటి కుదుపులాగే అనిపించింది.  బోల్టులే సరైనవి కావు.

బిగించిన బోల్టును సరిచూసే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. ఆగి ఉన్న బోల్టును కదల్చడానికి, తిరుగుతున్న బోల్టును తిప్పడానికి పట్టినదాని కన్నా ఎక్కువ బలం కావాలి. అందువల్ల అదే అంకె పెట్టి రెంచి తగిలిస్తే బోల్టు కదలకుండానే టిక్కు వస్తుంది. బిగువు తక్కువగా ఉన్నా తెలియదు. సరిగా చూడాలంటే బోల్టుకూ పక్క లోహానికీ గీత గీసి, పావు చుట్టు వదులు చేసి, నిదానంగా ఆపకుండా లాగుతూ మళ్లీ అంకెకు బిగించాలి. గీతలు కలిసిన చోటే టిక్కు వస్తే మొదటి బిగింపు సరైనది. గీత దాటి ముందుకు పోతే అది వదులుగా ఉండినట్టు. కోణంతో బిగించిన ఒక్కసారి వాడే బోల్టులకు మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. వాటిలో అనుమానం వస్తే విప్పి కొత్త బోల్టు వేయవలసిందే.